బ్యాటరీ మిగిలింది సరే, రీడింగులేవి?

ఒంటి మీద పెట్టుకునే మోషన్ సెన్సర్ ఏదైనా సరే, అందరూ ముందు అడిగేది ఛార్జింగ్ ఎన్ని రోజులు వస్తుందనే. అడగాల్సిందే, రోజంతా మన కదలికల్ని గమనించాల్సింది ఛార్జర్‌కి వేలాడుతుంటే ఇంకెందుకు? కానీ ఆ ఛార్జింగ్ దేన్ని వదిలేసి ఆదా చేస్తున్నారో మాత్రం ఎవరూ అడగరు.

నిజానికి కదలికను కొలవడానికి పెద్దగా కరెంటు అక్కర్లేదు. ఏడీఎక్స్‌ఎల్362 లాంటి యాక్సెలరోమీటర్ చిప్ సెకనుకు వందసార్లు కొలుస్తూ కూడా 2 మైక్రోఆంపియర్లలోపే వాడుతుంది, అంటే 225 మిల్లీఆంపియర్ అవర్ల బటన్ సెల్ మీద అదొక్కటే నడిస్తే లెక్క ప్రకారం పన్నెండేళ్లు దాటుతుంది (సెల్ అన్నాళ్లు బతుకుతుందా అనేది వేరే సంగతి). కరెంటంతా తాగేసేది ఆ రీడింగుల్ని ఫోన్‌కి పంపే రేడియో. బ్లూటూత్ రేడియో ఐదు మిల్లీఆంపియర్లు వాడుతూ ఆపకుండా పంపుతూ పోతే అదే సెల్ రెండు రోజులు కూడా ఆగదు.

మూడు దిశల్లో, ఒక్కో రీడింగ్‌కి రెండు బైట్ల చొప్పున, సెకనుకు 50 సార్లు కొలిస్తే రోజుకు దాదాపు 26 ఎంబీ. ఇదంతా పంపలేక పరికరంలోనే లెక్క తేల్చేసి "ఇన్ని అడుగులు" అని ఒక్క అంకె పంపుతారు. తెలివైన పనే, కాదనను. కాకపోతే చాలా వాటిలో ఆ తర్వాత అసలు రీడింగులు చెరిగిపోతాయి.

వాకర్ పట్టుకుని మెల్లగా నడిచే పెద్దావిడ సంగతి చూడండి. చెయ్యి వాకర్ మీదే ఉంటుంది, ఊగదు, కాలు నేలను రాసుకుంటూ కదులుతుంది. మామూలు నడకను చూసి రాసిన ప్రోగ్రామ్ ఆ అడుగుల్లో చాలావాటిని లెక్కలోకే తీసుకోదు. ఆవిడ హాలంతా నాలుగుసార్లు తిరిగినా స్క్రీన్ మీద కూర్చున్నట్టే ఉంటుంది. రేపు మెరుగైన ప్రోగ్రామ్ వచ్చినా నిన్నటి నడకను మళ్లీ లెక్కేయలేం.

బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టు దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది. 2013 నుంచి 2015 దాకా లక్ష మందికి పైగా మణికట్టుకు వారం రోజులు సెన్సర్ కట్టి, సెకనుకు వందసార్లు కొలిచిన రీడింగుల్ని అందులోనే దాచి, తిరిగొచ్చాక దించుకున్నారు. అందుకే కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా ఆ పాత రీడింగులకే మళ్లీ పని పడుతోంది.

వాకింగ్‌కి వెళ్లి అడుగులు చూసుకునేవాళ్లకి ఈ గొడవ అనవసరం. ఆపరేషన్ తర్వాత ఎలా కోలుకుంటున్నారో, పడిపోయే ప్రమాదం ఎంతుందో తేల్చడానికి వాడే పరికరాల్లో మాత్రం కనీసం వారం రీడింగులైనా దాచాలి. 200 ఎంబీ కూడా పట్టదు. ఛార్జింగ్‌లో పెట్టినప్పుడు పంపించేస్తే సరి.