పన్నెండూ పన్నెండూ కలిపితే ఇరవై నాలుగు కాదు

ఇప్పుడే ఒక కొటేషన్ చూశాను, ఒళ్లు మండిపోతోంది. యానిమేషన్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి బ్లెండర్ (త్రీడీ బొమ్మలు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్) కోసమని విడమరచి చెప్పి సిస్టమ్ అడిగింది. షాపువాళ్లు 12 జీబీ మెమరీ ఉన్న ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డులు రెండు వేసి, పక్కన పెన్నుతో "టోటల్ 24 జీబీ" అని రాసిచ్చారు. ఆ పెన్నుగీత దగ్గరే నా కోపమంతా.

బ్లెండర్‌లో సీన్‌ని చివరి బొమ్మగా గీసే (రెండర్ చేసే) భాగం సైకిల్స్. అది రెండు కార్డులనీ వాడుకుంటుంది, నిజమే. రెండర్ టైము ఇంచుమించు సగానికి దిగుతుంది, అదీ నిజమే. కానీ సీన్ మొత్తం, టెక్స్చర్లతో (వస్తువుల మీద అతికే బొమ్మలతో) సహా, ప్రతి కార్డులోనూ విడివిడిగా ఎక్కాలి. సగం ఇందులో, సగం అందులో పెట్టడం కుదరదు. సీన్‌కి 14 జీబీ కావాలంటే రెండూ 12వే కాబట్టి రెండిట్లోనూ పట్టదు. అప్పుడు మిగిలింది మామూలు ర్యామ్‌లోకి పొర్లి స్పీడు చచ్చిపోతుంది, లేదా మెమరీ చాలలేదని రెండర్ మధ్యలోనే ఆగిపోతుంది. సైకిల్స్‌లో మెమరీ కలవాలంటే రెండు కార్డులనీ నేరుగా జోడించే ఎన్‌వీలింక్ ఉండాలి. 30 సిరీస్ గేమింగ్ కార్డుల్లో అది 3090కి, 3090 టీఐకి మాత్రమే ఉంది. 40 సిరీస్‌లో 4090కి కూడా తీసేశారు. 3060కి ఆ కనెక్టరే లేదు, మరి ఆ 24 ఎక్కణ్ణుంచి వచ్చింది? పైగా మోడలింగ్ చేస్తూ వ్యూపోర్ట్ (సీన్ కనిపించే కిటికీ) తిప్పేటప్పుడు పనిచేసేది ఒక్క కార్డే. రోజంతా కూర్చునేది దాని ముందే కదా!

గేముల కోసం రెండు కార్డులు కొనమనేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. 1998లో వూడూ2 కార్డుల రోజుల్లో అది గొప్ప సంగతే. 2004లో ఎన్‌విడియా ఎస్‌ఎల్‌ఐ పేరుతో మళ్లీ తెచ్చింది. ఒక ఫ్రేము ఈ కార్డు, తర్వాతి ఫ్రేము ఆ కార్డు గీసేది. ఫ్రేముల మధ్య ఎడం సమానంగా రాక, సెకనుకి ఎన్ని ఫ్రేములో చెప్పే కౌంటర్ 60 చూపిస్తున్నా కంటికి కుదుపు తెలిసేది. 2021 జనవరి 1 నుంచి ఒక్కో గేముకి కావలసిన కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (డ్రైవర్ సెట్టింగులు) ఇవ్వడమే మానేశారు. రెండో కార్డు ఊరికే కూర్చుని కరెంటు తాగుతుంది, అంతే.

మెమరీ నిజంగా కలిసొచ్చేది ఇంట్లో ఏఐ మోడల్ నడుపుకునేవాళ్లకి. లామా.సీపీపీ అనే ప్రోగ్రామ్ మోడల్ పొరలను రెండు కార్డులకీ పంచుతుంది. 20 జీబీ మోడల్ రెండు 3060ల్లో పడుతుంది. కానీ ఒక కార్డు తన పొరలు ముగించాకే రెండోది మొదలుపెడుతుంది. మోడల్ రాసే ప్రతి టోకెన్‌కీ (మాటకో, మాట ముక్కకో) ఆ 20 జీబీ మొత్తం చదవాలి. 3060 సెకనుకి 360 జీబీ చదువుతుంది, అంటే ఎంత బాగా నడిచినా 18 టోకెన్లు. ఒక్క 3090 సెకనుకి 936 జీబీ చదువుతుంది, 46 దాకా వెళ్లొచ్చు. రెండు కార్డులు పెడితే జాగా దొరుకుతుంది గానీ వేగం దొరకదు.

ఇక ఆ కొటేషన్‌లో మదర్‌బోర్డు బీ760. దాంట్లో కార్డు పెట్టే రెండో స్లాటు పొడుగ్గానే ఉంటుంది, లోపల టార్చి కొట్టి చూడండి. పై స్లాటులో బంగారు రంగు కాంటాక్టులు చివరిదాకా ఉంటాయి, కింది దాంట్లో చాలా బోర్డులకి సగం కూడా రాకుండానే ఆగిపోతాయి. అది ఎక్స్4 (నాలుగు డేటా దారులే), అదీ ప్రాసెసర్‌కి నేరుగా కాదు, చిప్‌సెట్ గుండా. పై కార్డు ఫ్యాన్లు కిందికి చూస్తుంటాయి. రెండు కార్డుల మధ్య వేలు దూరేంత సందే మిగిలితే, కింది కార్డు వదిలిన వేడినే పైది పీల్చుకుంటుంది. మే నెల విజయవాడలో ఏసీ లేని గదిలో అది క్లాక్ (వేగం) తగ్గించుకోక ఏం చేస్తుంది? కార్డులే 340 వాట్లు, ప్రాసెసర్ అదనం. కొటేషన్‌లో రాసిన 600 వీఏ యూపీఎస్ మామూలుగా ఇచ్చేది 360 వాట్లు. రెండర్ మధ్యలో కరెంటు పోయిందా, అది కుయ్యిమని ఆగిపోతుంది, రాత్రంతా చేసిన పని గోవిందా.

అసలు ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. ఒకే పేరు పెట్టి రెండు సరుకులు అమ్మడం కంపెనీలే నేర్పాయి. 3060లో 12 జీబీదాని మెమరీ దారి 192 బిట్ వెడల్పు, 8 జీబీదానిది 128 బిట్, సెకనుకి 240 జీబీయే. పేరు మాత్రం ఒకటే! జీటీ 1030 అనే చవక కార్డులో డీడీఆర్4 రకం మెమరీ వేగం జీడీడీఆర్5 రకంలో సగం కూడా లేదు, దానికీ అదే పేరు. ఇంట్లో అప్పుచేసి కొనే పిల్లలకి బాక్సు మీద చిన్నక్షరాలు చదవమని ఎవరు చెబుతారు? నాకు ఏళ్ల తరబడి ఉన్న మంట ఇదే.

అమ్మా, ఆ కొటేషన్ తిప్పికొట్టు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ కార్డు ఒక్కటి రాయించుకో. చిన్న సీన్లలో రెండు 3060లు కొంచెం ముందుండొచ్చు, ఉండనీ. పెద్ద సీన్ ఎక్కనప్పుడు ఆ వేగం దేనికి? 5060 టీఐలో 8 జీబీది కూడా అదే పేరుతో ఉంది, అందుకే బిల్లులో "16 జీబీ" అని, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు రాయించి, బాక్సు మీదివాటితో సరిచూసుకున్నాకే డబ్బు కట్టు.