మహారాజశ్రీ పద్దెనిమిది చక్రాల వారికి

మహారాజశ్రీ ............ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ఏ రోడ్డు మీద, ఏ పేరుతో ఉన్నా క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. పైన పేరు రాయకుండా చుక్కలు పెట్టినందుకు కోపగించుకోవద్దు. ఉత్తరం రాద్దామని కూర్చుంటే మొదటి గీతలోనే కలం ఆగిపోయింది. సరుకు మోసే పెద్ద బండిగారూ, ఇంగ్లీషులో మీ పేరేమిటో ఇంగ్లీషు వాళ్లే ఇంతవరకు తేల్చుకోలేదు. పోలీసు ప్రకటనలో 'అలియాస్' అనే మాట రెండుసార్లు కనబడితేనే ఆ మనిషిని ఇంట్లో అద్దెకు పెట్టుకోరు. మీ అలియాసులు రాయాలంటే స్టేషన్ గోడంతా కావాలి.

మా దగ్గర ఒక మనిషి తన పేరులో ఒక్క అక్షరం మార్చుకోవాలంటే నోటరీ ముందు అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, ఆ తర్వాత గెజిట్. ఇంత చేసినా బ్యాంకులో గుమాస్తా కళ్లజోడు సవరించుకుని 'మరి పాత పేరెవరిది?' అని అడుగుతాడు. మీరు రాష్ట్ర సరిహద్దు దాటితే చాలు, నంబరు ప్లేటైనా మార్చకుండా పేరు మార్చేస్తారు.

అమెరికాలో మీ ప్రయాణం ఒక్కటి చూద్దాం. న్యూజెర్సీ రేవులో కంటైనర్ ఎత్తుకుని బయల్దేరేటప్పుడు మీరు ట్రాక్టర్ ట్రెయిలర్. ఐ-95 రహదారి పట్టుకుని దక్షిణానికి దిగి కరోలినాలలో అడుగుపెడితే ట్రాన్స్‌ఫర్ ట్రక్. ఎవరు ట్రాన్స్‌ఫర్ చేశారో, ఏ ఎమ్మెల్యే సిఫారసుతో చేశారో చెప్పరు. ఫ్లోరెన్స్ అనే ఊరి దగ్గర ఐ-20 ఎక్కి అట్లాంటా మీదుగా డాలస్ చేరేసరికి ఎయిటీన్ వీలర్. అక్కడి నుంచి ఐ-35 మీద ఉత్తరానికి తిరిగి కాన్సస్ సిటీ దాటితే 'సెమై'. కాలిఫోర్నియా ట్రాఫిక్ వార్తల్లో బోల్తా పడినప్పుడు బిగ్ రిగ్. లోపల సరుకు అదే, స్టీరింగ్ వెనక మనిషి అతడే, ఆయన ఫ్లాస్కులో కాఫీ కూడా అదే.

ఇది నేను గిట్టక అంటున్న మాట కాదు. అమెరికాలో జరిగిన ఒక మాండలికాల సర్వేలో, సరుకు మోసే పెద్ద వాహనాన్ని మీరు ఏమంటారు అని అమెరికా వాళ్లను అడిగారు. ఒక్క మాట మీద నిలబడలేకపోయారు. అలాంటి సర్వేల ఆధారంగా న్యూయార్క్ టైమ్స్ 2013 డిసెంబరులో ఒక క్విజ్ పెడితే, ఏడాది ముగియడానికి రెండు వారాలు కూడా లేకపోయినా, ఆ సంవత్సరం ఆ పత్రిక వెబ్‌సైట్‌లో జనం అన్నిటికన్నా ఎక్కువగా చూసింది దాన్నే. యుద్ధాలు, ఎన్నికలు, కుంభకోణాలు అన్నీ వెనకబడ్డాయి. తాము మాట్లాడేది ఏ ఊరి ఇంగ్లీషో తెలుసుకోవాలని వాళ్లకు అంత ఆత్రం.

ఇప్పుడు ఒక్కొక్క పేరుకూ సంజాయిషీ చెప్పండి. 'సెమై' అంటే సగం. మీ ట్రెయిలర్‌కు ముందు వైపు చక్రాలు ఉండవు కాబట్టి, దాని ముందు భాగపు బరువంతా లాగే బండి వీపు మీద పడుతుంది కాబట్టి, అది సగం ట్రెయిలర్. అంతవరకు న్యాయమే. కానీ తర్వాత ట్రెయిలర్ అనే మాట జారిపోయి సగం ఒక్కటే మిగిలింది. అమెరికా అంతర్రాష్ట్ర రహదారుల మీద సరుకుతో కలిపి 80,000 పౌండ్ల దాకా, అంటే 36 టన్నులకు పైగా తూగే ఆకారాన్ని పట్టుకుని 'సగం' అంటున్నారు. పూర్తిగా వస్తే ఏమయ్యేదో! ఆస్ట్రేలియా వాళ్లు ఇదే మాటను 'సెమీ' అని పలుకుతారు. సగంలో కూడా ఏకాభిప్రాయం లేదు.

టెక్సాస్ వాళ్లు కనీసం లెక్క పెట్టారు. ముందు ఇరుసుకు 2, లాగే ఇరుసులు రెండింటికీ జంట టైర్లు కాబట్టి 8, ట్రెయిలర్ కింద మరో 8. మొత్తం 18. సంతోషం. అయితే ఇప్పుడు ఇంధనం ఆదా అవుతుందని కొందరు యజమానులు జంట టైర్లు తీసేసి వాటి స్థానంలో ఒక్కొక్క వెడల్పాటి టైరు వేయిస్తున్నారు. అప్పుడు లెక్క 10కి పడిపోతుంది. అయినా మీరు ఎయిటీన్ వీలరే. ఎనిమిది చక్రాలు ఎటుపోయాయని అడిగేవాడు లేడు. మా ఊళ్లో రేషన్ బియ్యం ఎనిమిది కిలోలు తగ్గితే ధర్నా జరుగుతుంది.

లెక్కలోకి రాని చక్రం ఇంకొకటి ఉంది, అది మరీ విచిత్రం. డ్రైవరు గది వెనక, వంటింటి పెనం కన్నా నాలుగైదు రెట్లు పెద్దదైన ఇనుప పలక. నిండా నల్లటి గ్రీజు. వెనక వైపు గుర్రపు నాడాలా చీలి ఉంటుంది. లాగే బండిని మెల్లగా వెనక్కి నడిపితే, ట్రెయిలర్ అడుగున వేలాడే రెండంగుళాల లావు కింగ్‌పిన్ ఆ చీలికలోకి జారుతుంది. లోపల ఇనుప దవడలు ఠక్కున బిగుసుకుంటాయి. డ్రైవరు దిగి, టార్చి వేసి, వంగి ఆ దవడలు మూసుకున్నాయో లేదో చూసుకుంటాడు. మీ రెండు ముక్కలను కలిపి ఉంచేది ఆ పలకే. దాని పేరు 'ఫిఫ్త్ వీల్', ఐదో చక్రం. నేలను తాకదు, గాలి కొట్టక్కరలేదు, పంక్చరు పడదు. గుర్రపు బళ్ల కాలంలో ముందు ఇరుసు తిరగడానికి పైన అడ్డంగా ఒక చక్రాన్ని పెట్టేవారు, ఆ పేరు నేటికీ వదల్లేదు. పద్దెనిమిది చక్రాల మధ్య ఐదోది ఎలా వచ్చిందో అంకెలు నేర్చుకునే పిల్లవాడికి మీరే చెప్పాలి.

ఈ పేర్ల వల్ల మా కుటుంబంలో వచ్చిన తగాదా కూడా మీ దృష్టికి తెస్తున్నాను. న్యూజెర్సీలో ఉండే మా అక్క కుటుంబ వాట్సాప్‌లో 'హైవే మీద ట్రాక్టర్ ట్రెయిలర్ అడ్డం పడింది, కదలకుండా కూర్చున్నాం' అని రాసింది. మా అమ్మకు ట్రాక్టరంటే పొలం దున్నేది, ట్రెయిలరంటే దాని వెనక తొట్టి. 'అక్కడ కూడా కోతలు మొదలయ్యాయా? పాపం ఆ రైతుకు దెబ్బలు తగల్లేదు కదా, వడ్లు తడవలేదు కదా' అని అడిగింది. డాలస్ నుంచి బాబాయి కొడుకు 'దాన్ని ఎయిటీన్ వీలర్ అనాలి అక్కా' అని దిద్దాడు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి మేనకోడలు 'బిగ్ రిగ్' అంది. ముగ్గురూ తలా ఒక పదేళ్లు అమెరికా నీళ్లు తాగినవాళ్లే, ఒకరు తగ్గరు. చివరికి మా నాన్న 'లారీ' అని రెండక్షరాలు రాసి ఫోను పక్కన పెట్టేశారు.

ఆ లారీ మాకు బ్రిటన్ నుంచి వచ్చింది. 1830లలో రైలు మార్గాల మీద నడిచిన బల్లపరుపు బండికి అక్కడ ఆ పేరుండేది. ఇచ్చిన వాళ్లు ఆ ఒక్క మాటతో ఊరుకున్నారా? అతుకుల బండి, అంటే ఆర్టిక్యులేటెడ్, కాబట్టి కుదించి 'ఆర్టిక్' అన్నారు, వింటే ఉత్తర ధ్రువం నుంచి మంచు మోసుకొస్తున్నట్టుంటుంది. ప్రభుత్వం హెచ్‌జీవీ, అంటే హెవీ గూడ్స్ వెహికల్, అంది. తర్వాత లైసెన్సుల కోసం దాన్ని ఎల్‌జీవీగా మార్చింది, అందులో ఎల్ అంటే లార్జ్, పెద్దది. అదే ప్రభుత్వం ట్రాఫిక్ గణాంకాలు వేసేటప్పుడు ఎల్‌జీవీలో ఎల్ అంటే లైట్, తేలికది, ఇంటికి పార్సిల్ తెచ్చే వ్యాను. ఒకే సర్కారు, అవే మూడు అక్షరాలు, ఒక బల్ల మీద ఏనుగు, పక్క బల్ల మీద ఎలుక. జనం ఈ గొడవంతా పక్కన పెట్టి 2021లో డ్రైవర్ల కొరతతో పెట్రోలు బంకుల ముందు బారులు తీరినప్పుడు కూడా హెచ్‌జీవీ డ్రైవర్లు లేరనే మొత్తుకున్నారు.

ఇవన్నీ భరించవచ్చు. ఈ ఉత్తరం రాయించింది మాత్రం మరో పేరు. బ్రిటన్‌లో, ముఖ్యంగా 1970లలో, ఇరుకు ఊళ్ల వీధుల్లోకి మీరు దూసుకొస్తుంటే అక్కడి వాళ్లు గుండెలు బాదుకుంటూ పెట్టిన పేరు 'జగర్నాట్'. ఎవరనుకున్నారు? మన పూరీ జగన్నాథుడు! శ్రీకాకుళం వాళ్లకు పొరుగు దేవుడు. మా వైపు ప్రతి వీధిలోనూ ఒక జగన్నాథం గారు ఉంటారు, ఎక్కువగా రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన జీవితంలో ఎవరినీ తొక్కి ఎరుగరు.

కథ ఏమిటంటే, 14వ శతాబ్దంలో మన దేశం తిరిగి వెళ్లిన ఒడొరిక్ అనే ఇటలీ సన్యాసి, భక్తులు రథచక్రాల కింద పడి ప్రాణాలు ఇస్తారని చెప్పి రాయించాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్లు ఆ కథకు తలా ఒక చెయ్యి వేసి పెంచారు. చివరికి అడ్డొచ్చినదాన్నల్లా నలిపేసే శక్తి ఏదైనా ఇంగ్లీషులో జగర్నాట్ అయింది. అక్కడి నుంచి ఆ పేరు మీకు చేరింది.

ఒక్కసారి లెక్క చూసుకుందాం. జగన్నాథుడి రథం నందిఘోషకు 16 చక్రాలు, అన్నీ కర్రవి. ఇంజను లేదు. వేలమంది తాళ్లు పట్టి లాగితే కదులుతుంది, లేకపోతే లేదు. శ్రీమందిరం నుంచి గుండిచా మందిరానికి దాదాపు మూడు కిలోమీటర్లు. దారిలో పొద్దుపోతే రథాన్ని ఉన్నచోటనే ఆపి మర్నాడు లాగిన సంవత్సరాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో మీ డ్రైవరు మామూలుగా రోజుకు 9 గంటలకు మించి నడపకూడదని నియమం ఉంది కదా, స్వామివారు ఆ నియమాన్ని మీకన్నా ముందే, మీకన్నా కఠినంగా పాటిస్తున్నారు. పైగా ఏటేటా కొత్త రథం. పాతబడిన బండిని మళ్లీ రోడ్డెక్కించే అలవాటు ఆయనకు లేదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ విషయంలో మీలో ఎందరు అంత నిష్ఠగా ఉన్నారు?

గంటకు 90 కిలోమీటర్ల వేగ పరిమితి బిగిస్తే తప్ప ఆగని మీకు, లోకంలో బహుశా అన్నిటికన్నా నిదానంగా నడిచే రథం పేరు పెట్టారు. పరువు నష్టం దావా వేయాలంటే ఎవరు వేయాలి, మీరా, స్వామివారా?

ఆస్ట్రేలియా వాళ్లు కూడా దేవుణ్ణి వదల్లేదు. మీలో లాగే ముక్కకు వాళ్లు 'ప్రైమ్ మూవర్' అని పేరు పెట్టారు. తాను కదలకుండా లోకాన్నంతటినీ కదిలించే ఆది చాలకుడని పాశ్చాత్య తత్వవేత్తలు దేవుడి గురించి వాడిన మాట అది. అక్కడ ఆది చాలకుడు డీజిల్ పోస్తే గాని కదలడు. నార్తర్న్ టెరిటరీలో ఆయన మూడు నాలుగు ట్రెయిలర్లు తగిలించుకుని 53.5 మీటర్ల పొడవున సాగుతుంటే 'రోడ్ ట్రెయిన్' అంటారు, అది మాత్రం నిజాయితీ గల పేరు. దక్షిణాఫ్రికాలో అదే ముక్క 'హార్స్'. కెనడాలోని అంటారియోలో ఊరికే 'ట్రాన్స్‌పోర్ట్'. వాళ్లతో నాకు పేచీ లేదు.

మా సంగతి చెబుతాను. మా 1988 మోటారు వాహనాల చట్టం మిమ్మల్ని ఆర్టిక్యులేటెడ్ వెహికల్ అంటుంది. ఆ మాట ఆర్టీఓ ఆఫీసు గడప దాటి బయటికి రాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఎవరినైనా అడగండి, పది టైర్లది, పద్నాలుగు టైర్లది, ట్రెయిలర్, కంటైనర్ అని చకచకా చెబుతారు. టైరు తగ్గితే పేరూ తగ్గుతుంది, టెక్సాస్ పద్ధతి ఇక్కడ చెల్లదు. నడిపేవాళ్లకైతే అన్నీ బళ్లే.

కానీ మీ వల్ల మా పిల్లలకు జరుగుతున్న అన్యాయం ఒకటుంది. వీసా వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి, వేలకు వేలు ఫీజు కట్టించుకుని, 'అక్కడ లారీ అనకు, నవ్వుతారు, ట్రక్ అను' అని నేర్పే స్పోకెన్ ఇంగ్లీషు మాస్టార్లు మాకు వీధికి ఇద్దరున్నారు. ఏ రాష్ట్రానికి వెళుతున్నావు అని ఒక్కరూ అడగరు. వాళ్ల దృష్టిలో ఇంగ్లీషు ఒక్కటే, అది టేపు రికార్డరులో ఉంటుంది. అదే మాస్టారు ఇంటికెళ్లి సొరకాయ అనే కోడలిని చూసి 'ఆనపకాయ అనాలమ్మా, అది యాస' అంటారు. మా సినిమాల్లో ఒక జిల్లా మాట వినిపిస్తే హాస్యపాత్ర ప్రవేశించినట్టు. కరోలినాలో ట్రాన్స్‌ఫర్ ట్రక్ అన్న పెద్దాయన్ను మాత్రం సర్వే వాళ్లు ప్రశ్న అడిగి, ఆయన మాటకు మ్యాపులో రంగు వేసుకున్నారు. ఆయన్ను ఎవరూ కోచింగ్‌లో చేర్చలేదు.

ఈ విషయంలో మీ సంజాయిషీ తిరుగు టపాలో పంపగలరు. హారన్ రూపంలో వద్దు.

ఇట్లు,
మిమ్మల్ని దాటి ముందుకు వెళ్లలేక చాలాసేపటిగా మీ వెనకే వస్తున్న
ఒక చిన్న కారు యజమాని