జర్మన్ భాషకు దినం పెట్టారు, రండి తిని వెళ్ళండి

అక్టోబర్ 6. అమెరికాలో మా ఆఫీసు బ్రేక్ రూములో ప్రెట్జెళ్ళు (ముడి వేసిన జర్మన్ రొట్టెలు), ఆవాల సాసు, జర్మనీ వాళ్ళ మూడు రంగుల జెండా. జర్మన్-అమెరికన్ డే అట. నేనూ రెండు లాగించాను, అబద్ధమెందుకు. అంతలో అమ్మ ఫోన్, అక్కడ పడుకునే వేళ. "తిన్నావా నాన్నా" అంటోంది, వెనక నుంచి ఒకాయన: "ఇక్కడ ఇంగ్లీషులో మాట్లాడొచ్చుగా!" చేతిలో ప్రెట్జెల్. వాళ్ళ ముత్తాత జర్మనీ నుంచి వచ్చాడని పొద్దుటి నుంచి ఊదరగొడుతున్నది ఈయనే.

ఒళ్ళు మండదా?

1683లో ఇదే రోజు జర్మనీలోని క్రెఫెల్డ్ నుంచి 13 కుటుంబాలు ఓడ దిగి, ఫిలడెల్ఫియా దగ్గర జర్మన్‌టౌన్ కట్టుకున్నాయి. దిగగానే ఇంగ్లీషు దంచేశారా? ఐదేళ్ళకే, 1688లో, బానిసత్వం తప్పని కాగితం రాసిచ్చిన ఊరండీ అది! బ్రేక్ రూములో ఆ ఊసే లేదు, సాసు అయిపోయిందనే గోల.

అదే జర్మన్లను 1918లో ఏం చేశారు? మొదటి ప్రపంచ యుద్ధం పేరు చెప్పి అయోవా రాష్ట్ర గవర్నర్ హార్డింగ్ హుకుం వేశాడు: బళ్ళో, రైల్లో, ఆఖరికి టెలిఫోన్లో కూడా ఇంగ్లీషే. టెలిఫోన్లో! నెబ్రాస్కాలో పిల్లాడికి జర్మన్ చదవడం నేర్పిన పాపానికి మేయర్ అనే టీచరుకు జరిమానా. అది తప్పని 1923లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సావర్‌క్రౌట్‌కైతే 'లిబర్టీ క్యాబేజీ' అని పేరు. పులిసిన క్యాబేజీకి కూడా దేశభక్తి!

అలా చాలా ఇళ్ళల్లో భాష ఆరిపోయాక, 1987లో అమెరికా కాంగ్రెస్ తీర్మానం, ప్రెసిడెంట్ రీగన్ సంతకం, ఓ దినం. మన దగ్గర దినం ఎప్పుడు పెడతారో నేను వేరే చెప్పాలా?

అయినా ఆయన్ని అని ఏం లాభం! నా నోరు మొదట మూయించింది మా ఊరి కాన్వెంటు. తెలుగు మాట్లాడితే మాటకు రూపాయి ఫైను. ఐదో తరగతిలో దాహమేసి "నీళ్ళు" అన్నందుకు కట్టాను. అమ్మ పోపులడబ్బాలోంచి తీసిచ్చి, తిట్టింది కూడా. స్కూలును కాదు, నన్ను.

మొన్న ఆగస్టు 29న, గిడుగు వారి పుట్టినరోజున, అదే స్కూలు నుంచి వాట్సాప్‌లో ఆహ్వానం వచ్చింది. "తెలుగు డే సెలబ్రేషన్స్. ఆల్ ఆర్ వెల్కమ్."