సవరణ: 29 కాదు, 58

రోబో బండి తయారీ మీద కొత్తవాళ్ల కోసం మొన్న రాసిన పోస్టులో, శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్ ఇచ్చే మైక్రోసెకన్లను (సెకనులో పది లక్షల వంతు) 29తో భాగిస్తే ముందున్న గోడ ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో వచ్చేస్తుందని చెప్పాను. తప్పు. 58తో భాగించాలి.

శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే సెంటీమీటరుకు సుమారు 29 మైక్రోసెకన్లు, అక్కడిదాకా నా లెక్క సరే. కానీ సెన్సార్ కొలిచేది శబ్దం గోడదాకా వెళ్లి, తగిలి, మళ్లీ వెనక్కి వచ్చేదాకా పట్టిన మొత్తం టైము, అంటే గోడ ఉన్న దూరంలో ప్రతి సెంటీమీటరుకు రానుపోను 58 మైక్రోసెకన్లు. బావిలోకి తొంగిచూసి అరిస్తే మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుంది చూడండి, ఇదీ అంతే, కాకపోతే ఈ అరుపు 40 కిలోహెర్ట్జ్‌ది కాబట్టి మన చెవికి అందదు.

నేను చెప్పినట్టు ప్రోగ్రాం రాసుకుంటే 20 సెంటీమీటర్లలో ఉన్న గోడ రోబోకు 40లో ఉన్నట్టు అనిపిస్తుంది, ఇంకా చోటుందనుకుని వెళ్లి గుద్దేస్తుంది. నాది రెండుసార్లు గుద్దింది, పాపం మోటార్లను తిట్టుకున్నాను.

ఇంకోటి, ఈ సెన్సార్ ఏ వస్తువునైనా కనిపెడుతుందని కూడా ఆ పోస్టులో అన్నాను, అదీ పూర్తిగా నిజం కాదు. కర్టెన్ లాంటి మెత్తటి గుడ్డ శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది, ఏటవాలుగా ఉన్న అట్ట దాన్ని పక్కకు తోసేస్తుంది. టెస్టు చేసేటప్పుడు గోడకు ఎదురుగా, నేరుగా పెట్టండి.