ఒక చీటీకి విలువ, ఇంకొకటి చిత్తుకాగితం!

2017 సెప్టెంబరు 24న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసిన బెర్లిన్ పౌరులలో 56 శాతానికి పైగా, నగర వాయవ్యంలోని టేగెల్ విమానాశ్రయాన్ని కొనసాగించమన్నారు. అయినా 2020 నవంబరులో దానిని మూసివేశారు. ఎందుకయ్యా అంటే, ఆ తీర్పు ప్రభుత్వాన్ని కట్టడి చేయదట! అదే రోజు జరిగిన పార్లమెంటు ఎన్నికల ఫలితాన్ని మాత్రం శిరసావహించారు. ఓటరు ఒకరే కదా, రెండో చీటీ ఏం పాపం చేసింది?

టేగెల్‌కు బదులుగా 2012 జూన్‌లో తెరుస్తామన్న కొత్త విమానాశ్రయం 2020 అక్టోబరు దాకా తెరుచుకోనేలేదు. తమ గడువును ఎనిమిదేళ్లు సాగదీసుకోవచ్చు గానీ, జనం మాట మన్నించడానికి మాత్రం నిబంధనలు అడ్డొస్తాయి! వాయవ్య బెర్లిన్ వాసులు ఇప్పుడు నగరమంతా దాటి ఆగ్నేయపు అంచుకు పోవాలి. విమానాల మోత తగ్గిందని సంతోషించేవారూ ఉన్నారు, కాదనను. ఆ మాటేదో చెప్పి ఓటింగులోనే గెలవవలసింది.