వెర్సాయ్ మేడలో 14 గదులే ఎందుకు?

పారిస్ దగ్గర ఫ్రాన్స్ రాజుల వెర్సాయ్ ప్యాలెస్ పక్కనున్న ‘గ్రాండ్ కంట్రోల్’ భవనం 2021 జూన్‌లో హోటల్‌గా తెరుచుకున్నప్పటి నుంచి అందరూ దాని గది అద్దె గురించే మాట్లాడుతున్నారు. చూడాల్సిన అంకె వేరే ఉంది. గదులు 14.

1681లో రాజుగారి వాస్తుశిల్పి ఆర్దువాఁ మాన్సార్ కట్టిన ఇల్లిది. ఫ్రాన్స్ ఖజానా చూసిన టుర్గో, నెకర్ ఇక్కడే ఉన్నారు. తర్వాత సైన్యం చేతికెళ్లి 2006 దాకా అధికారుల మెస్‌గా నడిచింది. 2010లో కుదిరిన మొదటి ఒప్పందం 30 ఏళ్ల లీజు, 23 గదులు. అది కాగితం దాటలేదు. రెండోసారి 60 ఏళ్లు, 14 గదులు. ఇది నిలబడింది.

నా లెక్కలో కిటుకంతా బాత్‌రూములోనే ఉంది. ఇలాంటి పాత ఫ్రెంచి మేడల్లో అంతస్తుల మధ్య చెక్క దూలాలుంటాయి. పైన చెక్క పలకలు పేర్చిన పార్కే నేల, కింద సున్నపు నగిషీల సీలింగు. మురుగు గొట్టానికి మీటరుకు కనీసం 1 సెంటీమీటరు వాలు కావాలి, 2 ఇస్తేనే నిశ్చింత. నిలువు గొట్టం 6 మీటర్ల దూరంలో ఉంటే వాలుకే 12, గొట్టం లావు మరో 10. ఈ 22 సెంటీమీటర్లు ఎక్కడ దాస్తారు? దూలం కోస్తే బలం పోతుంది. నేల ఎత్తితే పాత తలుపులు, గోడల చెక్క పలకలు కత్తిరించాలి. కిందికి దింపితే నగిషీ పోతుంది. అందుకే బాత్‌రూములు ఒకదానిపై ఒకటి, నిలువు గొట్టాన్ని ఆనుకునే రావాలి. వాడకంలో లేని పొగగూళ్లలోంచి తీగలు, సన్న గొట్టాలు దింపుకోవచ్చు. ఇక తొట్టి. 200 లీటర్ల నీళ్లు, పోత ఇనుము, మనిషి కలిపితే 400 కిలోలకు తక్కువుండదు. దూలం కొసలు గోడలో దిగినచోట తడికి కుళ్లి ఉంటాయి, పైపూత విప్పితే గానీ తెలియదు. ఇన్ని లెక్కల్లో ఎన్ని బాత్‌రూములు ఇమిడితే అన్నే గదులు. పారిస్‌లోని క్రియోఁ 1909 నుంచీ హోటలే. అదీ 2013లో మూసి 2017లో తెరిచేసరికి 147 గదుల నుంచి 124కు దిగింది.

ప్రజల ఆస్తిని కోటీశ్వరుల పడకగదులు చేశారన్నది ఎదుటివాళ్ల మాట. నిజమే, సామాన్యుడు అక్కడ రాత్రి గడపలేడు. మెస్ మూతపడ్డాక ఆ భవనం ఏళ్ల తరబడి ఖాళీగా పడున్నప్పుడూ గడపలేదు.

నన్ను తొలిచేది లీజు గడువు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేదు. ఉప్పు పూత వెనకే గడ్డకట్టి, నాలుగైదు వానాకాలాల్లో పెచ్చులతోపాటు రాతిపొరనూ ఊడదీస్తుంది. కుతుబ్‌షాహీ సమాధులపై గత శతాబ్దంలో పులిమిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నమే వేయాల్సి వచ్చింది. డంగు సున్నానికి వారాల నానుడు కావాలి, పూత పూతకూ ఎడం కావాలి. పదేళ్లకు ఖాళీ చేసేవాడు అంతసేపు ఆగుతాడా? సిమెంటు బస్తా దింపుతాడు. ఫలక్‌నుమాను తాజ్ 2000లో లీజుకు తీసుకుంది, 60 గదులతో తెరిచింది 2010లో. అంటే తలుపులు తెరవడానికే పదేళ్లు.

మన ప్రభుత్వాలు పాత బంగళాను హోటల్‌కిచ్చేటప్పుడు ఏటా ఎక్కువ అద్దె పాడినవాడికే కట్టబెట్టడం మానాలి. టెండరులో మూడు ముందే రాయాలి: ఇన్ని గదులకు మించకూడదు, లీజు 50 ఏళ్లకు తగ్గకూడదు, పాత గోడకు సిమెంటు తగిలితే డిపాజిట్ జప్తు. అద్దె పాట ఆ తర్వాత.