యాభై వేలొస్తే పదివేలు మిగలాల్సిందేనా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "హైదరాబాద్‌లో నెలకు 50 వేలు వచ్చే ఏ ఇంట్లోనైనా సగం అవసరాలకు, 30 శాతం సరదాలకు పోను పదివేలు మిగిలి తీరాలి. మిగలకపోతే దుబారానే. తిండి ఖర్చే సాక్ష్యం. ఇంకో మనిషి ఉంటే ఏముంది, పప్పులో గ్లాసు నీళ్లు ఎక్కువ పోస్తే సరి. ఇద్దరూ సంపాదిస్తే మిగులు రెట్టింపు" అని. మా ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చింది. అది చదివి మా అత్తయ్య, బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే సరిపోదా అని అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ "ఏ ఇంట్లోనైనా" సంగతి. ఉప్పల్‌లో మేముండే అంతస్తులో రెండు పోర్షన్లు. రెండిళ్లకూ ఇంచుమించు 50 వేలే వస్తాయి. ఎదురింట్లో కొత్తగా పెళ్లయిన జంట. మా ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. కేంద్ర ప్రభుత్వం 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 8,978 రూపాయలు. ఇద్దరికి 18 వేల లోపు. ఐదుగురికి దాదాపు 45 వేలు. పదివేలు ఎక్కడినుంచి మిగలాలి?

మనుషులు రెట్టింపైతే ఖర్చు రెట్టింపు కాదు, ఒప్పుకుంటాను. ఆర్థికవేత్తలు అందుకే ఇంట్లో ఒక పెద్దవారిని 1గా, మిగతా పెద్దవాళ్లను 0.5 చొప్పున, 14 ఏళ్లలోపు పిల్లల్ని 0.3 చొప్పున లెక్కేసే పద్ధతి ఒకటి పెట్టారు. అలా చూస్తే ఎదురింటికి 1.5, మాకు 2.6. యాభై వేలను వాటితో భాగిస్తే వాళ్లకు 33 వేలు, మాకు 19 వేలు. ఇంతగా తగ్గించి లెక్కేసినా తేడా అంత ఉంది.

ఇక పప్పులో నీళ్లు. అద్దె, ఫ్రిజ్, వైఫై అందరికీ కలిపి ఒకటే. స్కూలు ఫీజు, మాత్రల షీటు అలా కావు. సిలిండర్ మార్చిన రోజు వంటింటి క్యాలెండర్‌లో రాసుకోవడం నాకు అలవాటు. నలుగురం ఉన్నప్పుడు 35 రోజులు వచ్చేది, అత్తయ్య వచ్చాక 28 రోజులకే అయిపోతోంది. పొద్దున ఆవిడకు వేడినీళ్లు, రాత్రికి జావ. ఇందులో దుబారా ఏది?

తిండి ఖర్చు దుబారాకు సాక్ష్యం అన్నది అన్నిటికంటే అన్యాయం. జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే బెల్జియం కార్మిక కుటుంబాల లెక్కలు చూసి చెప్పాడు: ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండి వాటా పెరుగుతుంది. అదే జీతం మీద తినేవాళ్లు పెరిగినా అంతే. పైన చెప్పిన 2023-24 సర్వేలోనే దేశంలోని పట్టణాల సగటు తీసుకున్నా ఖర్చులో దాదాపు 40 శాతం తిండిదే. అద్దె, కరెంటు, ఫీజులు, మందులు దానికి అదనం. మరి అవసరాలన్నీ సగంలో సర్దడం ఎలా?

ఇద్దరూ సంపాదిస్తే మిగులు రెట్టింపు అన్నది కూడా అంతే. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి నా ప్రయాణం ఖర్చు తగ్గింది. అయినా నేను ఉద్యోగంలో చేరాక పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకునే చోట డబ్బు కట్టాల్సి వచ్చింది. ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది, వారానికి మూడుసార్లు కర్రీ పాయింట్ కూరే. అత్తయ్య వచ్చాక పిల్లలు ఆవిడ దగ్గరే ఉంటున్నారు, ఆ ఫీజు ఆగింది. ఆ మెసేజ్ లెక్కలో మాత్రం ఆవిడ ఒట్టి గ్లాసు నీళ్లు.